ప్లగ్గులు మార్చాక రేసింగ్ ఎందుకు పెరిగింది?

వానలు పట్టాక మా కారు ముక్కుతూ నడవడం మొదలుపెట్టింది. 2003 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి. రాజోలు నుంచి పాలకొల్లు వెళుతూ చించినాడ వంతెన ఎక్కేటప్పుడు ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టేది, అంటే మండాల్సినప్పుడు మండేది కాదు. ఒక రాత్రి వాకిట్లో లైటు ఆపేసి బోనెట్ ఎత్తి చూస్తే కారణం కంటికే కనబడింది. ప్లగ్ వైర్ల మీద సన్నటి నీలం మెరుపులు పాకుతున్నాయి. వయసుకి వైర్ల తొడుగు చిట్లింది, దానికి మన కోనసీమ తేమ తోడైంది. కరెంటు ప్లగ్గు దాకా పోకుండా దారిలోనే ఇంజిన్ బాడీకి దూకేస్తోంది.

నాలుగు ప్లగ్గులు, నాలుగు వైర్లు కొనుక్కొచ్చి ఆదివారం పొద్దున్న నేనే మార్చాను. వైర్లు తారుమారు కాకుండా ఒక్కోటీ తీసి, దాని చోట కొత్తది పెట్టాకే రెండోదాని జోలికి వెళ్లాను. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. మిస్సింగ్ మాయం. కానీ ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు 1,800 దగ్గర కూర్చుంది. మామూలుగా అది 800కీ 900కీ మధ్య ఉండాలి. పది నిమిషాలు చూశాను, దిగలేదు.

గోడ అవతలి నుంచి బాబాయ్ కేకేశాడు. "ఏరా అబ్బాయ్, అలా అరుస్తోందేంటి?"

"ప్లగ్గులు మార్చాను బాబాయ్."

"మరింకేం! కొత్త ప్లగ్గులు కదా, బాగా మండుతోంది. అందుకే స్పీడు పెరిగింది."

ఆ మాట సగం తప్పు. మిగతా సగం ఎంత నిజమో నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

ముందు తప్పు సగం సంగతి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తనంతట తాను తిరిగే వేగాన్ని పుస్తకాల్లో ఐడ్లింగ్ అంటారు, మన షెడ్లలో రేసింగ్ అంటారు. ఈ రేసింగ్‌ని ప్లగ్గు పెంచలేదు. లోపలికి వచ్చిన గాలి, పెట్రోలు మిశ్రమాన్ని అంటించడమే దాని పని. ఎంత మిశ్రమం వచ్చిందనేది దాని చేతిలో లేదు.

డెల్టాలో మనలో చాలామందికి ఇంజిన్ అంటే మొదట పరిచయమయ్యేది చేలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్, ఆ తర్వాత ట్రాక్టర్. రెండూ డీజిలే. ఆ ఇంజిన్లు గాలిని ఎప్పుడూ నిండుగా పీలుస్తాయి. ఎంత డీజిల్ చిమ్మితే అంత స్పీడు, ఆ కొలత గవర్నర్ చూసుకుంటుంది. అందుకే స్పీడు పెరిగిందనగానే మన బుర్ర ఇంధనం వైపు పరిగెడుతుంది. పెట్రోల్ బండిలో వ్యవహారం తిరగబడి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి తలుపు. దాన్నే థ్రాటిల్ అంటారు. ఎంత గాలి వచ్చిందో చూసుకుని, సుమారు 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము చొప్పున ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, పెట్రోలు కలుపుతుంది. గాలి ముందు, పెట్రోలు వెనుక. కాబట్టి రేసింగ్ పెరిగితే వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: కాలు పెడల్ మీద లేనప్పుడు ఇంత గాలి ఎటు నుంచి వస్తోంది?

దీన్ని కాలువ భాషలో చెప్పుకుంటే మనకి ఇంకా తేలిక. థ్రాటిల్ ఒక పెద్ద షట్టర్. కాలు తీసేస్తే అది దాదాపు పూర్తిగా దిగిపోతుంది. అయినా ఇంజిన్ ఆగకుండా ఉండాలి కాబట్టి షట్టర్ పక్కనుంచి చిన్న తూము ఉంటుంది, దాని మీద ఒక వాల్వు. పేరు ఐడిల్ కంట్రోల్ వాల్వు. ఆ తూము దగ్గర కూర్చున్న లస్కరు మన ఈసీయూ. ఏసీ వేస్తే తూము కాస్త ఎత్తుతాడు, తీసేస్తే దించుతాడు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఎత్తి ఉంచుతాడు. అప్పుడు మొదటి రెండు మూడు నిమిషాలు 1,200 నుంచి 1,500 దాకా ఉండటం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కి, షట్టర్ దిగి, తూము కూడా మూసేశాక ఇంకా బోదె నిండా నీళ్లు పారుతుంటే ఏమంటాం? ఎక్కడో గండి పడింది అంటాం.

గండి ఎంతుంటే చాలో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1,300 సీసీ ఇంజిన్ ఐడ్లింగ్‌లో నిమిషానికి సుమారు 100 నుంచి 150 లీటర్ల గాలి పీలుస్తుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు దాని వెనక సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో మూడో వంతుకి పడిపోతుంది. అంత తేడా ఉన్నప్పుడు 4 మిల్లీమీటర్ల కన్నం చాలు, నిమిషానికి వంద లీటర్ల దాకా లోపలికి ఈడ్చేసుకుంటుంది. అంటే అగ్గిపుల్ల తల కన్నా కాస్త పెద్ద కన్నం ఇంజిన్ మొత్తానికి సరిపడా గాలి పంపిస్తుంది.

అయితే ప్రతి కన్నానికీ రేసింగ్ పెరగదు, మెలిక ఇక్కడుంది. చిన్న కన్నమైతే లస్కరు తూము ఇంకొంచెం దించి సర్దుకుంటాడు, ముల్లు కదలదు, మనకి తెలియదు. ముల్లు పైకి లేచిందంటే తూము పూర్తిగా మూసినా సర్దుకోలేనంత గాలి వస్తోందని అర్థం. బండి గాలిని కొలిచే పద్ధతిని బట్టి కూడా లక్షణం మారుతుంది. మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి లెక్కగట్టే మ్యాప్ సెన్సర్ బండ్లలో గండి గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. దానికి తగ్గ పెట్రోలు పడుతుంది, ఇంజిన్ నున్నగానే పరిగెడుతుంది. గాలిని ముఖద్వారం దగ్గరే కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ బండ్లలో గండి గాలి లెక్కకి అందదు. పెట్రోలు చాలక ఇంజిన్ వణుకుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. మూడో రకం ఇంకా చిత్రం. ముల్లు 1,800కి లేస్తుంది, 1,000కి పడుతుంది, మళ్లీ లేస్తుంది, తూగుటుయ్యాలలా. కాలు తీసేసి ఉన్నా స్పీడు ఎక్కువుంటే బండి వాలులో దిగుతోందేమో అనుకుని ఈసీయూ పెట్రోలు కట్ చేస్తుంది. స్పీడు పడగానే మళ్లీ ఇస్తుంది. గండి మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి ఆట ఆగదు.

ప్లగ్గులు మార్చిన రోజే గండి ఎందుకు పడాలి? మన చేతుల వల్లే. ప్లగ్ వైర్లు ఇంజిన్ పైమూత మీదుగా పోతాయి. సరిగ్గా అక్కడే సన్నటి రబ్బరు పైపులు, సెన్సర్ల క్లిప్పులు, యాక్సిలరేటర్ కేబుల్ ఉంటాయి. పది పదిహేనేళ్లు వేడికి ఉడికిన రబ్బరు ఎండిన కొబ్బరి మట్టలా పెళుసెక్కి ఉంటుంది. కదపనంతకాలం పని చేస్తుంది, మోచెయ్యి ఒకసారి ఆనిందంటే విరుగుతుంది. చోటు కోసం ఎయిర్ ఫిల్టర్ పైపు పీకి, తిరిగి పెట్టేటప్పుడు అది సరిగ్గా కూర్చోకపోవచ్చు. కొత్త వైరు కేబుల్ మీదుగా పడి, థ్రాటిల్‌ని వెంట్రుకవాసి తెరిచి పట్టుకోవచ్చు. కోతలయ్యాక చేలల్లోంచి ఊళ్లోకి వచ్చే ఎలుకల్ని కూడా మరిచిపోకూడదు. బోనెట్ కింద వెచ్చగా పడుకుని అవి పైపులు కొరకడం ఇక్కడ అందరికీ అనుభవమే. నేరం మన మీదే వేసుకునే ముందు పంటి గాట్లు ఉన్నాయేమో చూసుకోవడం మంచిది.

పైపులతో సంబంధం లేని కారణాలు రెండున్నాయి. సర్వీసు పేరుతో ప్లగ్గులతోపాటు చాలామంది థ్రాటిల్ కూడా క్లీనర్ కొట్టి తుడుస్తారు. అప్పటిదాకా అంచున మసి పేరుకుని గాలి తగ్గడంతో, ఈసీయూ తూము ఎక్కువ ఎత్తి ఉంచడం అలవాటు చేసుకుని ఉంటుంది. మసి పోయింది, అలవాటు పోలేదు. అందుకే కొన్నాళ్లు రేసింగ్ ఎక్కువుంటుంది. బ్యాటరీ తీసి పెడితే నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఈ రెండూ కాసేపు నడిపితే చాలావరకు సర్దుకుంటాయి. వైరుతో తెరుచుకునే థ్రాటిల్ కాకుండా మోటారుతో తెరుచుకునే రకమైతే కొన్ని మోడళ్లకి మళ్లీ నేర్పించే పద్ధతి విడిగా ఉంటుంది, ఆ బండి మాన్యువల్ చూడాల్సిందే. అలాంటి థ్రాటిల్ పలకని తాళం ఆన్‌లో ఉండగా వేలితో నెట్టకండి, లోపలి పళ్లు పాడవుతాయి.

ప్లగ్గుల పనిలో జరిగే మిగతా తప్పులకి రేసింగ్‌తో పెద్దగా పని లేదు. వైర్లు తారుమారైతే ఇంజిన్ ఊగుతుంది, సైలెన్సర్‌లో ఢాం అంటుంది. ప్లగ్గు బిగింపు చాలకపోతే పక్కనుంచి చిటపట శబ్దం వస్తుంది. ప్లగ్గు గ్యాప్ తేడా ఉంటే స్టార్టింగ్, పికప్ దెబ్బతింటాయి. వీటిలో దేనికీ ముల్లు నున్నగా 1,800 మీద నిలబడదు. "కంపెనీ ప్లగ్గులు కావేమో, మార్చెయ్" అనే సలహా నాకూ వచ్చింది. నున్నగా తిరుగుతున్న ఇంజిన్‌కి మళ్లీ ప్లగ్గులు మార్చడం శుద్ధ దండగ.

ఇక వెతకడం. బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగాను. పంచె మీద ఉన్నవాణ్ని లోపలికెళ్లి ప్యాంటు వేసుకొచ్చాను. బెల్టు దగ్గర పంచె, కండువా, మెడలో గొలుసు ఏదీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది. అన్నిటికన్నా ముందు బ్రేకు తొక్కి చూశాను. బ్రేకు తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి సాయం చేసేది కూడా ఈ మానిఫోల్డ్ లాగుడే, అంటే వ్యాక్యూమే. దాని పైపు ఊడితే రేసింగ్ పెరుగుతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అలా ఉంటే బండిని వీధి చివరిదాకా కూడా తీయకూడదు. నాది మెత్తగానే ఉంది.

కేబుల్ చూశాను, రెండు మిల్లీమీటర్ల వదులుంది, అంటే థ్రాటిల్‌ని లాగడం లేదు. క్లిప్పులన్నీ ఒక్కోటీ నొక్కాను. గాలి వేడి చెప్పే సెన్సర్, నీళ్ల వేడి చెప్పే సెన్సర్, థ్రాటిల్ ఎంత తెరిచిందో చెప్పే సెన్సర్, మ్యాప్ సెన్సర్. నీళ్ల వేడి సెన్సర్ ఊడితే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ తూము దించదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినా ఇదే మోసం జరగొచ్చు. అవీ బాగానే ఉన్నాయి.

ఆ తర్వాతి పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు పైపు విప్పి, ఇంజిన్ తిరుగుతుండగా థ్రాటిల్ నోటికి చదునైన చెక్క ముక్క అడ్డం పెట్టాలి. అరచెయ్యి పెట్టేవాళ్లున్నారు గానీ లాగుడు గట్టిగా ఉంటుంది, చెక్కే మేలు. పెద్ద షట్టరూ, తూమూ రెండూ ఆ నోటి నుంచే గాలి తీసుకుంటాయి. చెక్క పెట్టగానే ఇంజిన్ గిలగిలలాడి ఆగిపోతే గాలి వచ్చేది ఆ దారుల్లోనే, గండి లేదు. తప్పు థ్రాటిల్‌దో, వాల్వుదో. చెక్క పెట్టినా ఇంజిన్ హాయిగా తిరుగుతుంటే గాలి అవతలి నుంచి దొంగదారిలో వస్తోంది. ఒక్క నిమిషంలో సగం ఇంజిన్‌ని అనుమానితుల జాబితా నుంచి తీసేయొచ్చు.

నేను పెట్టాను. ముల్లు 1,800 నుంచి 1,300కి దిగింది, ఇంజిన్ మాత్రం ఆగలేదు.

అప్పుడు మానిఫోల్డ్‌కి తగిలిన పైపుల్ని ఒక్కోటీ గుడ్డ చుట్టిన కటింగ్ ప్లేయర్‌తో నొక్కుతూ వెళ్లాను. మూడోది పీసీవీ పైపు. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారిన పొగని బయటికి వదలకుండా, పైమూత నుంచి తిరిగి మానిఫోల్డ్‌కి పంపే గొట్టం ఇది. మానిఫోల్డ్ చివర దాన్ని నొక్కగానే ఇంజిన్ గొంతు మారిపోయింది. వదిలితే మళ్లీ అరుపు. పైపు ఊడదీసి పైనుంచి చూస్తే ఏమీ లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. బొటనవేలితో వంచాను. వంపు అడుగున, కంటికి కనపడని వైపు, చేపనోరులా తెరుచుకుంది. అంగుళం పొడవు చీలిక. నాలుగో ప్లగ్గు విప్పేటప్పుడు రాట్చెట్ తిప్పుతూ నా మణికట్టు సరిగ్గా ఈ వంపు మీదే ఆనించాను.

కార్బురేటర్ క్లీనర్ చల్లి చూసే పద్ధతి ఒకటుంది. చల్లిన చోట స్పీడు మారితే అక్కడ లీకు ఉన్నట్టు. దాన్ని నేను చెప్పను. మండే స్ప్రే, వేడి సైలెన్సర్ పైపు, వైర్లు మార్చడానికి కారణమైన ఆ నీలం మెరుపులు, ఈ మూడూ ఒక్కచోట కలవకపోవడమే మంచిది. పక్కింటి చంటిదాని నోటి తుంపరలంత నీళ్లు చల్లినా పనవుతుంది, క్లిప్పుల మీద పడకుండా చూసుకుంటే. లేదా అర గజం రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస పైపుల వెంబడి తిప్పండి. లీకు దగ్గర బుస్సుమంటుంది.

ఇంకాస్త కొత్త బండి అయితే పని సగం స్కానర్ చేస్తుంది. బండి తన లోపాల్ని తానే కోడ్ రూపంలో చెప్పే ఓబీడీ పద్ధతి రెండో దశ మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకి ఫోన్‌తో కలిసే చిన్న స్కానర్ తగిలిస్తే చాలు. పి0507 కోడ్ అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువుందని. పి0171 అంటే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని, అది గండి వైపు వేలు చూపిస్తుంది. ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచి తగ్గిస్తోందో చూపే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు కోడ్ కన్నా ఎక్కువ కబుర్లు చెబుతాయి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ బండిలో అవి ఐడ్లింగ్‌లో 20 శాతం పైకి ఉండి, 2,500 దగ్గర తొక్కి పట్టుకుంటే మామూలుకి దిగిపోతే లీకే. ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ చిన్న కన్నం వాటా లెక్కలోకి రాదు మరి.

చీలిక మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి చూశాను. ఆయిల్ ఆవిరికి ట్యూబు ఉబ్బిపోతుంది, రెండు రోజులకి మించి నమ్మకూడదు. మధ్యాహ్నం ఆయిల్ తట్టుకునే రబ్బరు పైపు తెచ్చి అసలుది మార్చాను. నీళ్ల మోటారు ప్లాస్టిక్ గొట్టం వాడితే వేడికి మెత్తబడి, లోపలి లాగుడుకి ముడుచుకుపోతుంది.

ముల్లు 1,800 నుంచి 1,200కి దిగింది. అక్కడ ఆగిపోయింది.

చెక్క మళ్లీ పెట్టాను. ఈసారి ఇంజిన్ టక్కున ఆగింది. గండి పూడింది, మిగిలిన గాలి షట్టర్ దారిలోనే వస్తోంది. తూము వాల్వుకి వెళ్లే పైపు నొక్కినా తేడా రాలేదు, అంటే లస్కరు ఎప్పుడో దాన్ని పూర్తిగా దించేసి కూర్చున్నాడు. నాకు అక్కడితో బుర్ర ఆగింది. సాయంత్రం ఊళ్లో ఉన్న పెద్ద మెకానిక్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన టార్చి వేసి థ్రాటిల్ పక్కన చూశాడు. "ఆయ్, దీన్ని ఎవరో తిప్పారండి."

థ్రాటిల్ పూర్తిగా మూసుకోకుండా ఆపే చిన్న స్క్రూ అది. ఫ్యాక్టరీలో సెట్ చేసి, కదలకుండా పెయింట్ చుక్క వేస్తారు. మా బండిలో ఆ చుక్క రెండుగా విరిగి ఉంది, స్క్రూ గాడిలో తెల్లటి గీతలు. ఎప్పుడు, ఏ షెడ్డులో అయిందో తెలియదు, ఎందుకు అయిందో మాత్రం ఇట్టే అర్థమైంది. మిస్సింగ్ మొదలైనప్పుడు రైలు గేటు దగ్గర బండి ఆగిపోయేది. నాలుగిట్లో ఒక సిలిండర్ సరిగా పని చేయకపోతే మిగతా మూడూ దాన్ని కూడా మోయాలి, అందుకు గాలి ఎక్కువ కావాలి. ఎవరో ఆ స్క్రూ తిప్పి గాలి పెంచారు. బండి ఆగడం మానేసింది, జబ్బు లోపల ఉండిపోయింది. ఇప్పుడు కొత్త ప్లగ్గులతో నాలుగూ మండుతున్నాయి, గాలి మాత్రం కుంటి ఇంజిన్‌కి ఇచ్చినంతే ఇస్తున్నాం. అదే గాలికి స్పీడు పెరగక ఏమవుతుంది? బాబాయ్ అన్న మాటలో నిజం ఇదీ. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800లలో ఇది మరీ తరచుగా జరిగేది. వాటిలో సర్దడానికి ఈసీయూ లేదు, స్క్రూ డ్రైవర్ ఒక్కటే దిక్కు.

పొద్దున్నే ఆ స్క్రూ నా కంట పడి ఉంటే తప్పకుండా దాన్నే తిప్పి ఉండేవాణ్ని. పైపు చీలిక ఉండగానే ముల్లు 850కి తెచ్చి చంకలు గుద్దుకునేవాణ్ని. ఎప్పుడో ఆ పైపు మార్చిన రోజున గాలి చాలక బండి ఐడ్లింగ్‌లో నిలబడేది కాదు, అప్పుడు ఇంకెవరో మళ్లీ స్క్రూ తిప్పేవారు. అందుకే లీకులన్నీ తేలాకే, చిట్టచివర, దాని మీద చెయ్యి వేయాలి. అది కూడా కొలుస్తూ. థ్రాటిల్ మూసుకుందని సెన్సర్ చెబితేనే ఈసీయూ ఐడ్లింగ్ పద్ధతిలోకి వస్తుంది. చాలా బండ్లలో మూసినప్పుడు ఆ సెన్సర్ దగ్గర అర వోల్టు దగ్గర్లో రావాలి. మాది అంతకన్నా పైన చూపిస్తోంది. ఇంకాస్త పెరిగితే డ్రైవర్ కాలు పెడల్ మీదే ఉందని ఈసీయూ అనుకునేది.

ఆయన మీటర్ పెట్టి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్‌ని ఊరికే అర నిమిషం తిరగనిచ్చాడు. ముప్పావు చుట్టు దగ్గర ముల్లు 850కి వచ్చి ఆగింది. ఏసీ వేశాం. ముల్లు ఒకసారి 700కి ఒంగి, 950కి లేచి, అక్కడ నిలబడింది. తూము మళ్లీ లస్కరు చేతికి వచ్చింది. ఆయన స్క్రూ మీద చిటికెడు పసుపు పెయింటు పెట్టి బోనెట్ దించాడు.